ఆరోగ్య రొట్టెకు అర్హత

తిరుపతి, మహిళా వసతిగృహం
9 మార్చి 2025

అత్తకు సలాం.

నీతో ఫోనులో మాట్లాడటం నిష్ప్రయోజనమని తేలిపోయింది గనుక కాగితం తీసుకున్నాను. జబ్బు మాట ఎత్తగానే "కూర మాడిపోతా ఉండాది" అని ఫోన్ పెట్టేస్తావు. ముత్తుకూరు మొత్తం మీద ఇన్ని కూరలు మాడే ఇల్లు మరొకటి ఉండదు. ఉత్తరాన్ని కూడా మధ్యలో పక్కన పెట్టవచ్చు. అయితే మళ్ళీ చేతిలోకి తీసుకున్నప్పుడు అది ఆగిన చోటినుంచే మాట్లాడుతుంది. ఆ సౌకర్యం నాకు నచ్చింది.

అభియోగం ఇది. ఫిబ్రవరిలో నువ్వు నెల్లూరు ఆస్పత్రికి వెళ్ళలేదు. ఈ నెల కూడా వెళ్ళనని భీష్మించుకుని కూర్చున్నావట. చెప్పినది హనీఫా మామ, అంటే నీ భర్త, కాబట్టి సాక్షి విశ్వసనీయత మీద నీకు అభ్యంతరం ఉండనవసరం లేదు. జనవరితో కీమో ముగిసిన మాట నిజమే. కానీ మందు ఎక్కించడానికి నీ కుడి భుజం దిగువన చర్మం లోపల పెట్టిన చిన్న పెట్టె, డాక్టర్ల భాషలో పోర్టు, అక్కడే ఉంది. దానినుంచి బయలుదేరిన సన్నని గొట్టం పెద్ద రక్తనాళం గుండా గుండె దగ్గరిదాకా పోతుంది. వాడకపోయినా సరే, నెలకొకసారి పెట్టెలోకి సూది గుచ్చి, మందు కలిపిన నీళ్ళు పంపి గొట్టాన్ని కడగాలి. లేదంటే లోపల రక్తం గడ్డకడుతుంది, క్రిములు గూడు కడతాయి, చెయ్యి వాస్తుంది. డాక్టరు ఈ సంగతి వివరిస్తున్నప్పుడు నేను నీ పక్కనే ఉన్నాను. నువ్వు తల ఊపావు. నీ తల ఊపడం సాక్ష్యంగా చెల్లదని నాకు ఇప్పుడు తెలిసింది.

కారణం నేను ఊహించగలను. మొన్న విశ్వవిద్యాలయ వాద పోటీలో "విశ్వాసం వైద్యానికి ప్రత్యామ్నాయం కాజాలదు" అన్న పక్షాన నిలబడి కప్పు గెలిచాను. ఉదాహరణగా మన నెల్లూరు రొట్టెల పండుగనే ఎత్తుకున్నాను. కోరిక తీరినవాళ్ళు దర్గా పక్క చెరువు నీళ్ళలో నిలబడి రొట్టె ఇస్తారు, అదే కోరిక ఉన్నవాళ్ళు ఎదురుగా నిలబడి తీసుకుంటారు, తమ కోరిక తీరాక మరుసటి ఏడు తామూ వచ్చి ఇస్తారు. అందమైన ఆచారమే, కాదనను. కానీ గోధుమపిండి కణితిని కరిగించదు. ప్రతిపక్షం నోరు తెరవలేదు. నువ్వు తెరవగలవేమో చూద్దాం. కారణం రాయి.

జవాబు వచ్చేదాకా ఊరుకోని,
కౌసర్

*

ముత్తుకూరు
17 మార్చి 2025

పాపా కౌసరూ, మీ అత్త దువా.

నీ ఉత్తరం అందినాది. ముందుగా మీ మామ చదివినాడు. కళ్ళజోడు తుడుచుకుని రెండోసారి చదివి, మనం ఏం కేసులో ఇరుక్కున్నామే అని నన్నడిగినాడు.

ఇక్కడ పెళ్ళిళ్ళ పరుపులు మొదలైనాయి. మంచి బూరుగు దూది దొరకడమే కష్టంగా ఉండాది. అందరికీ స్పాంజి పరుపు కావాల, దాని మీద పడుకుని నడుం నొప్పని మళ్ళీ మన పరుపుల కొట్టుకే వస్తారు. నువ్వు కప్పు గెలిచినావని ఎదురుగా టీ అంగడి పోలేరయ్యకి చెప్పినా. దాంట్లో ఎన్ని టీలు పడతాయి అన్నాడు.

కారణం అడిగినావు. రొట్టెతో గడ్డ కరుగుతాదని నేను ఎప్పుడన్నా పాపా? గడ్డ ఉందని తెలిసిన నెలలోనే పండగ వచ్చింది, పోయి ఆరోగ్య రొట్టె తీసుకున్నా. ఇచ్చినామె ఎవరో తెలీదు. "నీకు నయమైందా తల్లీ" అంటే "అయింది, అందుకే గదా ఇస్తా ఉండా" అనింది. ఆ ఒక్క మాట పట్టుకుని ఆపరేషనూ దాటినా, కీమో దాటినా. ఈ జులైలో నేను ఇయ్యాల. ఎవరికో కాదు, సంగం ఊరి కామమ్మకి. వార్డులో నా పక్క మంచం. వరి పండించుకునే మనిషి, నోరు పెద్దది, మనసు మంచిది. ఆమెకి ఇంకా మందు ఎక్కుతానే ఉండాది, నాకున్నట్టే పెట్టె కూడా ఉండాది. "ఇంకెవురు ఇచ్చినా తీసుకోను జమాలక్కా, నీ చేత్తోనే ఇయ్యాల" అనింది.

ఆమె కూడా నీళ్ళలో నిలబడి నన్ను అడుగుతాది, నయమైందా అని. నెల నెలా చీటీ పట్టుకుని ఆస్పత్రి బల్ల మీద కూర్చునే మనిషి ఏం జవాబు చెప్పాల? ఆస్పత్రికి పోయేవాళ్ళు రోగులు, పోనివాళ్ళు బాగుండేవాళ్ళు. అందుకే పండగ దాకా పోను. అబద్ధం చెప్పి ఇచ్చిన రొట్టె వొట్టి పిండిముద్ద. జనవరిలో నువ్వే అన్నావు గదా, అత్తా నువ్వింక రోగివి కాదు అని.

పెట్టె ఏమీ చెయ్యడం లేదు. పరుపు మీద గుండీ మాదిరి దాని పాటికి అది ఉండాది. మా ఊళ్ళో ఓడలొచ్చే పోర్టు ఒకటి, నా ఒంట్లో ఒకటి అని మీ మామ హాస్యాలు.

కూరలు మాడేది మాత్రం నిజం. మీ మామనడుగు.

మీ అత్త జమాల్‌బీ

*

తిరుపతి
28 మార్చి 2025

అత్తా,

నీ ఉత్తరం చదివి, నీ పక్షాన్ని మొదట నేను తప్పుగా నిర్వచించానని గ్రహించాను. నువ్వు మూఢవిశ్వాసంతో ఆస్పత్రి మానావనుకున్నాను, నిజాయితీతో మానావట. ఇది మరింత ప్రమాదకరం. మూఢత్వానికి మందు ఉంది, నిజాయితీకి లేదు.

ఆస్పత్రికి పోతే రోగి, పోకపోతే ఆరోగ్యవంతురాలు అన్న నీ సిద్ధాంతం, అద్దం పగలగొడితే మొహం మీద మచ్చ పోతుందన్నట్టు ఉంది. మీ తీరంలో పడవలకు ఏటేటా మరమ్మతు చేయిస్తారు. మునిగిన పడవకు ఎవరూ చేయించరు, వేటకు పోయే పడవకే చేయిస్తారు. ఇక ఆ సంగం కామమ్మ నిన్ను ఈ గొయ్యిలోకి దింపిందని నా అభిప్రాయం. ఆమె నోరు పెద్దదని నువ్వే రాశావు.

అయినా నీ నియమాన్నే అంగీకరించి వాదిస్తాను. రొట్టె ఇచ్చేవాళ్ళు అబద్ధం ఆడకూడదు. ఒప్పుకున్నాను. గొట్టం మూసుకుపోయిన మనిషి "బాగున్నాను" అంటే అది అబద్ధం. గొట్టం కడిగించుకుని, అంతా సరిగా ఉందని తెలుసుకున్న మనిషి "బాగున్నాను" అంటే అది నిజం. అందుచేత ఆస్పత్రికి పోవడం నీ రొట్టెకు అనర్హత కాదు, అదే అర్హత.

దీనికి జవాబు లేదు. ఉంటే రాయి. లేకపోతే బస్సెక్కు.

కప్పు టీకి పనికిరాదు, అడుగున చిల్లు ఉంది.

కౌసర్

*

ముత్తుకూరు
29 ఏప్రిల్ 2025

కౌసరూ, బాగుండావా తల్లీ.

నీ వాదనకి జవాబు దొరకలేదు. పదిమందిని అడిగినా, వాళ్ళకీ దొరకలేదు. సరేనని పోయిన వారం మీ మామని వెంటబెట్టుకుని నెల్లూరు పోయినా.

నర్సమ్మ నన్ను చూడగానే "ఇన్నాళ్ళు ఏమైపోయినారు, ఇట్టా వదిలేస్తే ఎట్టా" అని కోప్పడింది. సూది గుచ్చింది, నీళ్ళు లోపలికి పోలా. దగ్గమనింది, దగ్గినా. చెయ్యి ఎత్తమనింది, ఎత్తినా. తల ఆ పక్కకి తిప్పమనింది, తిప్పినా. మీ మామ బయటినుంచి తొంగి చూసి డ్రిల్లు చేయిస్తా ఉండారనుకున్నాడు. చివరికి ఎట్టనో నీళ్ళు పోయినాయి. జ్వరమో చలో వస్తే వెంటనే రమ్మని చెప్పి పంపించింది.

ఇంటికొచ్చి వాకిట్లో చెప్పులు విడిచినానో లేదో వణుకు పట్టుకునింది. పళ్ళు టకటకా కొట్టుకున్నాయి. మీ మామ దుప్పట్లు చాలక కొట్టులోనుంచి ఒక పెళ్ళివాళ్ళ పరుపు తెచ్చి నా మీద వేసినాడు. పొద్దునకి చెమట పోసి ఏమీ లేనట్టు లేచినా. వంట చేసినా, ఆ పరుపు వాళ్ళకి అప్పజెప్పినా కూడా. మీ మామ సముద్రపు గాలి అన్నాడు. పోలేరయ్య టైఫాయిడ్ అన్నాడు, ఆయనకి ఏదైనా టైఫాయిడే.

ఇప్పుడు చెప్పు. పోనన్నాళ్ళు ఒక్క తుమ్ము కూడా లేదు. నీ మాట విని పోయినా, చలిజ్వరం వచ్చింది. మీ వాద పోటీల్లో దీన్ని ఏమంటారో రాయి, పోలేరయ్యకి చెప్పాల.

సాయంత్రాలు ఒళ్ళు కొంచెం వెచ్చబడతా ఉండాది. పెట్టె మీద చర్మం ఎర్రగా ఉండాది, ఎండాకాలం చెమటకి అంతే. ఇంక పండగ దాకా ఆ గడప తొక్కను. కామమ్మ ఫోన్ చేసినప్పుడు బాగుండానని చెప్పినా. బాగుండా గదా మరి.

పరీక్షలు బాగా రాయి. తల స్నానం చేసి తడిజుట్టుతో చదవొద్దు.

మీ అత్త

*

తిరుపతి
2 మే 2025

హనీఫా మామకు,

ఇది అత్తకు రాసినది, కానీ మీ పేరున పంపుతున్నాను. ఫోన్ చేస్తే అత్త కూర మాడిందంది. మీరేమో "బాగానే ఉండాది, పరుపు కుడతా ఉండాది" అన్నారు. పరుపు కుట్టడం ఆరోగ్యానికి రుజువు కాదు మామా. ఈ ఉత్తరాన్ని ఆమె ఎదుట కూర్చుని, గట్టిగా, ఒక్క ముక్క వదలకుండా చదవండి. పూర్తయ్యేదాకా ఆమెను లేవనివ్వకండి. గురువారంతో నా పరీక్షలు అయిపోతాయి, శుక్రవారం పొద్దున్నే వస్తాను. అప్పటిదాకా ఆగవద్దనే ఇది.

అత్తా, క్లుప్తంగా రాస్తాను.

నువ్వు అడిగినదానికి జవాబు: ఒకటి జరిగిన వెంటనే మరొకటి జరిగితే మొదటిది రెండోదానికి కారణమని నమ్మడం తర్కంలో అతి పురాతనమైన దోషం. కోడి కూసినందువల్ల తెల్లవారదు. అయితే నీ విషయంలో నేను న్యాయంగా ఉండాలి. ఆస్పత్రికి పోవడానికీ నీ చలికీ నిజంగానే సంబంధం ఉంది, నువ్వు అనుకున్న సంబంధం కాదు. రెండు నెలలకు పైగా ఎవరూ ముట్టని ఆ గొట్టంలో క్రిములు పట్టు పెట్టి ఉంటాయి. అవి కదలకుండా కూర్చున్నంత కాలం నీకు తుమ్ము కూడా రాలేదు. నర్సు నీళ్ళు పంపగానే తేనెతుట్టెను కర్రతో పొడిచినట్టయింది. అవి నేరుగా రక్తంలోకి దూకాయి. సూది పడిన పూటే వణుకు పుట్టడం దాని గుర్తు. పెట్టె మీది ఎరుపు చెమట కాదు, సాయంత్రపు వేడి సముద్రపు గాలి కాదు. ఇది రక్తమంతా పాకితే మనిషి దక్కకపోవచ్చు. ఈ వాక్యం మళ్ళీ చదవండి మామా.

నువ్వు లేవబోతున్నావని నాకు తెలుసు. కూర్చో. నాలుగు అభ్యంతరాలు లేవనెత్తుతావు, వాటిని వరసగా పరిశీలిద్దాం. పండుగ దగ్గరపడిందంటావు. పండుగకు వెళ్ళడానికి మనిషి ఉండాలన్న ప్రాథమిక నియమాన్ని ఏ దర్గా కూడా సడలించలేదు. కామమ్మకు బాగున్నానని చెప్పానంటావు. ఆ మాటను నిజం చేసుకునే అవకాశం ఇంకా ఉంది. పొద్దునకి తగ్గిపోయిందంటావు. దొంగ పగలు కనబడకపోతే ఊరు విడిచి పోయాడని అర్థమా? ఇక నాలుగోది, మీ మామకు శ్రమ అంటావు. మామ ప్రస్తుతం ఈ ఉత్తరం చదువుతున్నారు, ఇంతకంటే శ్రమ ఉండదు.

ఇక ఈ క్రిముల చరిత్రలోకి వెళితే...

*

ముత్తుకూరు
15 జూన్ 2025

కౌసర్‌కి, మీ అత్త రాసుకునేది.

ఇన్నాళ్ళు రాయలేకపోయినా. నువ్వు శుక్రవారం ఆస్పత్రికి వచ్చేసరికి నేను సగం మత్తులో ఉండా. నీకు సరిగా చెప్పనే లేదు, నేను ఎట్టా పోయినానో.

మీ మామ నీ ఉత్తరం మొదలు పెట్టినాడు. నువ్వు చెప్పినట్టే గట్టిగా చదివినాడు, వీధి వీధంతా వినింది. దొంగ దగ్గరికి వచ్చేసరికి పోలేరయ్య టీ గ్లాసు పట్టుకుని మన అరుగు మీదికే వచ్చి కూర్చున్నాడు. నేను వింటానే ఉండా, దబ్బనంతో గుండీలు కుట్టుకుంటా. "ఇక ఈ క్రిముల చరిత్రలోకి వెళితే" అన్నాడు మీ మామ, పేజీ తిప్పి. ఇంకా ఎంతుందయ్యా అన్నా. కాగితాలు ఎత్తి చూపించినాడు. దబ్బనం పక్కన పెట్టి, పదండి ఆస్పత్రికి పోదాం అన్నా. చదువు పూర్తి కాలేదే అన్నాడు. మీరు బస్సులో చదువుకోండి అన్నా.

నువ్వు గెలిచినావు పాపా. ఎట్టా గెలిచినావని మాత్రం కాలేజీలో చెప్పుకోవద్దు.

నువ్వు తిరిగి పోయినాక రక్తం పరీక్ష ఫలితం వచ్చింది. గొట్టం నిండా క్రిములే అన్నారు. ఇంక ఉంచకూడదని పెట్టె తీసేసినారు, చేతి నరంలోకి మందులు ఎక్కించినారు. ఆ గొట్టం ఉన్న నరంలో రక్తం గడ్డ కూడా కట్టిందంట, అందుకే కుడి చెయ్యి వాచింది. గడ్డ కరగడానికి మాత్రలు ఇచ్చినారు. అవి వాడేటప్పుడు దెబ్బ తగిలితే రక్తం ఆగదంట, జనం తోపులాటలోకి పోవద్దని గట్టిగా చెప్పినారు. పాత జబ్బు మళ్ళీ ఉందా లేదా అనేది ఆగస్టులో స్కానింగ్ తీసి చెప్తారంట.

ఇంటికొచ్చినాక ఒక వింత. పెట్టె తీసేసినారని తెలిసి వీధంతా ఇంటికొచ్చింది. "అయితే పూర్తిగా నయమైపోయిందన్న మాట" అని ఒకరు పండ్లు, ఒకరు సేమ్యా పాయసం. పెట్టె చెడిపోయి తీసినారమ్మా అంటే ఎవురూ వినరు. "దిష్టి తగలకుండా అట్టా చెప్తా ఉండాది" అని వాళ్ళలో వాళ్ళే చెప్పుకున్నారు. పెట్టె ఉన్నన్నాళ్ళు నేను బాగుండా, అందరూ రోగిననుకున్నారు. రోగం వచ్చి పెట్టె తీసినారు, ఇప్పుడు బాగుండానంటారు. పాయసం మాత్రం బాగుండింది.

ఇప్పుడు అసలు సంగతి. పండక్కి నేను పోలేను. కామమ్మ వస్తాది. రొట్టె నేనే చేసి మీ మామ చేత నెల్లూరు బస్టాండుకి పంపిస్తా. నువ్వు తీసుకుని పోయి, నీళ్ళలో నిలబడి, నా తరఫున ఆమెకి ఇయ్యాల. నీకు నమ్మకం లేదని నాకు తెలుసు. నమ్మమని అడగలా, ఇయ్యమంటా ఉండా. ఆమె నయమైందా అని అడిగితే ఏది నిజమో అది చెప్పు. అబద్ధం మాత్రం వద్దు. నువ్వు నిజం చెప్పి కప్పు తెచ్చుకున్న పిల్లవి, నీకు నేను నేర్పేదేముంది.

జమాల్‌బీ

*

తిరుపతి
10 జులై 2025

అత్తకు,

నీ ఆజ్ఞ నెరవేరింది. ఒక సామాజిక ఆచారాన్ని ప్రత్యక్షంగా పరిశీలించే అవకాశంగా భావించి వెళ్ళాను. వాదనలో ఉదాహరణగా వాడుకున్న నీళ్ళలో మోకాలి లోతున నిలబడితే, అవి వాదనలో కంటే చల్లగా ఉన్నాయని తెలిసింది.

జనం సంగతి చెప్పనక్కరలేదు. చదువు రొట్టె, పెళ్ళి రొట్టె, ఉద్యోగ రొట్టె, వీసా రొట్టె అని కేకలు. ఉద్యోగ రొట్టె దగ్గర మా విశ్వవిద్యాలయం వాళ్ళు నలుగురు కనబడ్డారు. నా ఉపన్యాసానికి చప్పట్లు కొట్టినవాళ్ళే. ఒకరినొకరం చూడనట్టు నటించాం, చాలా మర్యాదగా.

కామమ్మ నన్ను ముందుగా గుర్తుపట్టింది. చిన్న మనిషి. చీర మోకాళ్ళపైకి దోపుకుని, అప్పుడే మొలుస్తున్న జుట్టు మీద తువ్వాలు కట్టుకుని ఉంది. భుజం దిగువన పెట్టె ఉబ్బెత్తుగా తెలుస్తోంది.

"నువ్వేనా కౌసరమ్మ? జమాలక్క చెప్పినట్టే ఉండావు, పోట్లాటకి వచ్చినట్టు."

నేను రొట్టె చేతిలోకి తీసుకున్నాను. ఆమె కొంగు పట్టి, నా కళ్ళలోకి చూసి అడిగింది.

"అక్కకి నయమైందా మ్మే?"

అత్తా, దారి పొడుగునా నేను ఈ ప్రశ్నకు సిద్ధమయ్యాను. క్రిముల సంగతి, రక్తం గడ్డ సంగతి, ఆగస్టు దాకా ఏదీ నిశ్చయంగా చెప్పలేమన్న సంగతి, అన్నీ క్రమంలో పెట్టుకున్నాను. ఆమె పెట్టె నా కళ్ళెదుటే ఉంది. ఆమె కొంగు అలాగే పట్టుకుని ఉంది.

"పెట్టె తీసేసినారు" అన్నాను. నీ యాసలోనే వచ్చింది.

ఆమె ఒక్క క్షణం నా వంక చూసి, రొట్టె తీసుకుని, తుంచి నోట్లో పెట్టుకుంది. నేను గట్టెక్కి వచ్చేశాను. చెప్పదగ్గది మరేదీ జరగలేదు.

నేను అన్న మాటలో ఒక్క అసత్యం లేదు. ఏ న్యాయస్థానమైనా దాన్ని నిలబెడుతుంది. కానీ ఇంత నిజమైన వాక్యాన్ని ఇంత దొంగతనంగా నేను ఎన్నడూ పలకలేదు. మీ వీధివాళ్ళు చేసిన పొరపాటునే ఆమె చేత చేయించాను. వాళ్ళు తెలియక చేశారు. నేను తెలిసి చేయించాను. నువ్వు ఆమెకు ఫోన్ చేసి అసలు విషయం చెప్పు. ఆ పెట్టె ఆమె ఒంట్లో ఇంకా ఉంది, ఆమెకు తెలియాలి. నన్ను తిట్టదలిస్తే తిట్టు. ఈసారి నేను ప్రతివాదం చెయ్యను.

కౌసర్

*

ముత్తుకూరు
19 జులై 2025

మా తల్లీ కౌసరూ,

కామమ్మకి అంతా తెలుసు. ఎప్పటినుంచో తెలుసు. ఆస్పత్రి మంచం మీద కళ్ళు తెరిచిన రోజే మీ మామ ఫోన్ తీసుకుని ఆమెకి చెప్పినా. సూది పడిన పూటే చలి వస్తే దాచొద్దని, ఎరుపు కనిపిస్తే చెమట అనుకోవద్దని, నేను ఎట్టా దాచినానో అదీ చెప్పినా. ఆమెకీ అదే పెట్టె గదా, చెప్పకుండా ఎట్టా ఉంటా? నీకు చెప్పాలని తోచలా. ఆమె అడిగినా నువ్వు ఎట్టాగూ నిజమే చెప్తావు గదా అనుకున్నా.

మరి తెలిసీ ఎందుకడిగింది అంటావు. నేనూ అదే అడిగినా. "చదువుకున్న పిల్ల ఎట్టా చెప్తాదో చూద్దామని అడిగినా జమాలక్కా. పెట్టె తీసేసినారు అనింది. నవ్వు వచ్చేస్తా ఉంటే రొట్టె నోట్లో కుక్కుకున్నా" అనింది. ఇంత చిన్న మాట నువ్వు చెప్పినావంటే మీ మామ మాత్రం నమ్మడం లేదు.

నిన్ను తిట్టను. ఆమె కళ్ళలోకి చూసి చెప్పడం నాకూ వచ్చేది కాదేమో.

అయితే నీ ఉత్తరంలో ఒకటి రాయలేదు. చెప్పదగ్గది మరేదీ జరగలేదని రాసినావు. కామమ్మ వెనక్కి తిరిగి చూసిందంట. నువ్వు గట్టెక్కలేదంట. నాలుగడుగులు వేసి, పక్కన ఎవరో ముసలామె ముందర చెయ్యి చాపి నిలబడినావంట. ఏం రొట్టె కావాలమ్మా అని ఆమె అడిగితే, అటూ ఇటూ చూసి, ఆరోగ్య రొట్టె అన్నావంట. నీళ్ళలోనే నిలబడి మొత్తం తిన్నావంట.

ఎవరి కోసం తీసుకున్నావని కామమ్మ నిన్ను అడగలేదు. నేనూ అడగను.

కానీ తీసుకున్నావు గాబట్టి, వచ్చే ఏడు నువ్వు పోయి ఇయ్యాల. ఎదురుగా వచ్చినామె అడుగుతాది, నయమైందా అని. అప్పటికి తీసేదానికి పెట్టె ఉండదు, ఆ మాట మళ్ళీ పనికిరాదు. నా వల్ల నువ్వు అబద్ధం చెప్పడం నాకు ఇష్టం లేదు.

ఆగస్టు స్కానింగ్‌కి పోతా. ఆ తర్వాత ఎప్పుడు రమ్మంటే అప్పుడు పోతా. మీ మామ అప్పుడే చొక్కా ఇస్త్రీకి ఇచ్చినాడు.

నువ్వు ఉత్తరం రాయొద్దు.

మీ అత్త జమాల్‌బీ